మా చేనికి అడ్డం పెట్టిన కంప

వేరుశనగను మా వైపు బుడ్డలంటాం. యాసంగిలో వేసిన చేను శివరాత్రి దగ్గరపడేసరికి పీకుడుకు వస్తుంది. చెట్టు పీకినప్పుడు కాయలన్నీ దానితో రావు. కొన్ని ఊడలు తెగి ఎర్రమట్టిలోనే ఉండిపోతాయి. కుప్పంతా ట్రాక్టరులో ఇంటికి చేరాక ఆ మిగిలినదాన్ని పరిగె అంటారు. పరిగెకు యజమాని ఉండడు. కూలికి పోయే ఆడవాళ్లు, ముసలివాళ్లు చిన్న కట్టెముక్కతో మట్టి గీరుకుంటూ ఏరుకుంటారు. ఎవరి ఒడిలో పడ్డవి వాళ్లవే.

నేను పుట్టింది తెలకపల్లి వైపు. మా అమ్మ చేను పీకించేటప్పుడు కూలివాళ్లతో, "మరీ గంత లోతుకు గీకకుండ్రి, ఎనక వచ్చెటోళ్లకు ఉండనియ్యుండ్రి" అనేది. అది దానమని ఆమె అనుకోలేదు. ఇల్లు ఊడ్చాక చీపురు మూలకు నిలబెట్టినట్టు, అదీ పనిలో ఒక భాగమే. నేను బడికి పోలేదు. మా నాయన సందెదీపం పెట్టిన తరువాత అరుగు మీద ఇసుక పోసి అక్షరాలు దిద్దించాడు. భజన పాటలు చదువుతూ చదువుతూ చదవడం వచ్చింది. అందుకే నాకు చదువుకోవడమూ, దండం పెట్టుకోవడమూ ఇప్పటికీ ఒకే పనిలా అనిపిస్తాయి. ఆ రెండూ ఇచ్చినందుకు రోజూ దీపం ముందు మా నాయనను తలచుకుంటాను.

పెళ్లయి ధరూర్ దగ్గరి ఈ ఊరికి వచ్చాను. మొదటి ఏడాదే ఒక వింత చూశాను. బుడ్డల కుప్ప ఇల్లు చేరీ చేరగానే మా ఆయన తుమ్మకంప కొట్టుకొచ్చి చేనిబాటకు అడ్డం పెట్టాడు. గట్టు తెగిన చోటల్లా ముళ్లు వేశాడు. ఆ తరువాత మా మేకలనే అందులోకి తోలాడు.

"పరిగెకు ఎవరూ రారా?" అని అడిగాను.

"మా ఇంట్ల గంతే. మా అవ్వ కాలం నుంచి గంతే" అన్నాడు. ఆయనకూ అంతకుమించి తెలియదని ఆ ముఖం చూస్తేనే తెలిసింది. కొత్త కోడలు అడిగే ప్రశ్నలకు ఒక హద్దు ఉంటుంది. మళ్లీ అడగలేదు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కంప నా కంటికి చేనులో భాగమైపోయింది.

ఈ యాసంగిలో మా బిడ్డ కాన్పుకు ఇంటికి వచ్చింది. దాన్ని నాగర్‌కర్నూల్‌కు ఇచ్చాం. ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి నిలిచింది. దవాఖానలో డాక్టరమ్మ అంతా బాగుందని చెప్పిన రోజున నేను ఇంటికి వచ్చి, పొయ్యి వెలిగించకముందే దేవుని అర్ర ముందు కూర్చుని ఊరికే ఏడ్చాను. ఏడుపు కూడా ఒక మొక్కే అనుకుంటాను.

చేను పీకుడు అయిన సాయంత్రం మేం ముగ్గురం, అంటే అత్తమ్మ, బిడ్డ, నేను, అరుగు మీద కూర్చుని పచ్చిబుడ్డలు ఒలుస్తున్నాం. మా ఆయన గొడ్డలి తీసుకుని కంపకు పోతున్నాడు. బిడ్డ అడిగింది.

"అవ్వా, పక్క చేన్లల్ల అందరు మంచిగ ఏరుకుంటరు. మన చేనికే కంపెందుకు?"

అత్తమ్మ చెప్పదేమో అనుకున్నాను. చెప్పింది. తాను కొత్త కోడలుగా ఉన్నప్పటి మాట అది. అదొక కరువు సంవత్సరం.

"చేన్ల గింజ లేదు బిడ్డా. ఒక ఆడిది, కడుపుతోని ఉన్నది, మూలకు కూసొని పరిగె ఏరుకుంటుండె. మా అత్త చూసింది. మాకే లేదంటే నీకెక్కడియే అని వొయ్యి దాని ఒడి వట్టి గుంజింది. ముడి ఊడి బుడ్డలన్ని కింద వడ్డయి. గవి గూడ ఏరి నా గంపల వేసింది. నేను గంప వట్టుకొని ఎనక నిలవడ్డ."

"ఆమె ఏమన్నది?"

"నోరు తెరవలే. లేసి నిలవడి, ఒడిల మిగిలిన మన్నును మా దిక్కు పోసి పోయింది." అత్తమ్మ తన కొంగు పట్టుకుని చూపించింది. "కడుపుతోనున్న ఆడది మన్ను వోస్తే ఉత్తగ వోతదా? తర్వాత నా కాన్పులు ఒక్కటొక్కటే మట్టిల గలిసినయి. మీ నాయన ఒక్కడే దక్కిండు. ఇప్పుడు నీకు చూడు. ఉసురు బిడ్డా, ఉసురు. ఇంకెవలన్న వచ్చి ఇంకో పిడికెడు మన్ను వొయ్యకుంటనే గా కంప."

ఆ మాట అని అత్తమ్మ తేలికపడింది. బిడ్డ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. కాసేపటికి లేచి చేతులు కడుక్కుంది.

మరుసటి రోజు నేను నా పాత నూలుచీరలు ఉతికి ఆరేసి, పుట్టబోయే పసికందుకు పొత్తిగుడ్డలుగా చించుదామని కూర్చున్నాను. బిడ్డ నా చేతిలోంచి చీర లాక్కుంది.

"చింపకు. ఎవలకని చింపుతున్నవు?"

ఇంటి బుడ్డలు ముట్టడం మానేసింది. చట్నీ వేస్తే పక్కకు జరిపేది. ఎవరైనా కడుపు వైపు చూసి మాట్లాడబోతే పైట కప్పుకుని లోపలికి పోయేది. ఒక మధ్యాహ్నం నా పక్కన పడుకుని అడిగింది.

"అమ్మా, నేనేం జేసిన? అప్పటికి నేను పుట్టలే. మా నాయన గూడ పుట్టలే."

నాకు మా నాయన మాట గుర్తొచ్చింది. తాత నాటిన మామిడికి కాసిన పండు నాదే అన్నప్పుడు, తాత నాటిన ముల్లు మాత్రం నాది కాదంటే కుదరదనేవాడు. అదే చెప్పాను.

"పండు తిన్న కాబట్టి నాకు సరే" అంది బిడ్డ. "గీ కడుపుల ఉన్నది ఏం తిన్నది?"

దానికి జవాబు దీపం ముందు కూర్చున్నా దొరకలేదు. దేవుడు ముత్తవ్వను పట్టుకోలేక మునిమనవరాలి బిడ్డను పట్టుకుంటాడని నేను నమ్మలేను. అలాగని ఆ చేని తిండితోనే మేమంతా పెరిగాం గనుక, మాకేమీ సంబంధం లేదనీ అనలేను. నేను ఈ ఇంటి రక్తం కాదు. అయినా ఇన్నేళ్ల నా అన్నం ఆ చేనిదే.

అత్తమ్మ మాత్రం దారి కనిపెట్టింది. పంతులును అడిగించింది. నల్లగుడ్డలో నువ్వులు, ఒక ఇనుప ముక్క, గుమ్మడికాయ దానం ఇమ్మన్నాడట. "గా ఇంటి మనిషికే ఇయ్యాలె, అప్పుడే దిగుతది" అన్నది ఆమె సొంత మాట. పత్తి ఏరడానికి వచ్చే ఆడవాళ్లను అడిగితే ఆచూకీ దొరికింది. ఆనాడు పరిగె ఏరుకున్న తల్లి పోయి చాలా కాలమైంది. కూతురు వనపర్తిలో బస్టాండు దగ్గర టిఫిన్ల హోటల్ నడుపుకుంటోంది.

గద్వాలలో బస్సెక్కాను. ఒడిలో గుమ్మడికాయ పెట్టుకుని కూర్చున్నాను. కృష్ణ వంతెన మీద బస్సు కుదుపుకు అది జారి సీట్ల కింద దొర్లింది. "ఎవలదమ్మా గీ కాయ? టికెట్ తీస్తివా దానికి?" అని కండక్టర్ అందరినీ నవ్వించాడు. నేను మాత్రం నదికి దండం పెట్టి, ఆ ఇంట్లో నా నోటికి సరైన మాట అందించమని అడిగాను.

హోటల్ అంటే రేకుల కింద రెండు బల్లలు. వెనక గోడకు శిలువ బొమ్మ క్యాలెండర్. నాకంటే పెద్దామె, తెల్లజుట్టు గట్టిగా ముడివేసుకుని, పెద్ద బాణలిలో బొరుగుల ఉగ్గాని కలుపుతోంది.

"కూసో చెల్లె. ఉగ్గాని వేడిగుంది. బజ్జి ఎయ్యాల్నా?"

తింటూ చెప్పే మాట కాదు. నిలబడే చెప్పాను. ఏ ఊరి నుంచి వచ్చానో, ఎవరి ఇంటి కోడలినో చెప్పగానే ఆమె గరిటె ఆగింది. పొయ్యి తగ్గించింది. చెప్పడం అయ్యాక నేను సంచి ముందు పెట్టాను. ఆమె వంగి ఒక్కొక్కటే బయటకు తీసింది. గుమ్మడికాయ. నల్లగుడ్డ. మూట విప్పి నువ్వులు చూసింది. ఇనుప ముక్క చూసింది.

"గిదేంది చెల్లె? శనిదానమా?"

నేను తల ఊపాను.

"మీ ఇంటి శనిని తెచ్చి నా హోటల్ల దింపిపోనీకె వచ్చినవా? పొద్దుగాల పొద్దుగాల, గిరాకీ టైముల?"

అప్పుడు గానీ నాకు వెలగలేదు. ఆ దానం పుచ్చుకున్నవాళ్లకు ఆ దోషం చేరుతుందని మా ఇళ్లల్లో పసిపిల్లకు కూడా తెలుసు. అందుకే అది తీసుకోవడానికి మనుషులు దొరకరు. అలాంటిది నేను, ఒకసారి మేం ఒడి గుంజిన ఇంటికే, ఆ ఒడిలో ఇది పోయడానికి ఇంత దూరం మోసుకొచ్చాను. క్షమించమని అడగడానికి పోతున్నాననే అనుకున్నాను. బల్ల మీద కూర్చున్నాను.

ఆమె నా వైపు చూసి, ఒక గ్లాసుతో నీళ్లు ముందు పెట్టింది. పక్క బల్ల మీద తింటున్న ఆటో డ్రైవర్ చెవులు ఇటే పెట్టాడు. "నీ ఉగ్గాని చల్లారుతుంది, తిను" అని అతన్ని గదిమింది.

"అక్కా, మా బిడ్డ పరేషాన్‌ల ఉంది" అన్నాను. "మీ అమ్మ మన్ను వోసిందని మా అత్తమ్మ చెప్పిన కాడ్నుంచి దానికి తిండి లేదు."

"మా అమ్మ మన్ను వోసిందా?" ఆమె గట్టిగా నవ్వింది. "మా అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో గా ముచ్చట! బుడ్డలన్ని గుంజుకున్నరు, మన్ను మాత్రం నా ఒడిలనే ఇడిచిండ్రు, దులుపుకొని వచ్చిన, అనేది. ఉన్నదే ఒక్క చీర. దులుపుకోదా మరి? ఉసురు వెట్టనీకె ఆమెకు తీరిక ఏడుంది? తెల్లారితే మేస్త్రి లారీ ఎక్కాలె. బొంబాయి దిక్కు మట్టిపనికి. మీ ఇల్లు గుర్తుకు చేసుకుంట కూసునేటంత పని లేనిదా మా అమ్మ?"

నాకు నవ్వూ, సిగ్గూ కలిసి వచ్చాయి. మేము ఇన్నేళ్లూ ఆమె మా గురించే తలచుకుంటూ బతికిందని అనుకున్నాం.

"మరి అప్పుడు కడుపుల ఉన్నది?" అని భయం భయంగా అడిగాను.

"ఇగో" అని గరిటెతో తన రొమ్ము మీద కొట్టుకుంది. "గా మట్టిపని కాడ కట్ట మీద గుడిసెల పుట్టిన. గట్టిగనే ఉన్న గదా?" తరువాత గొంతు మారింది. "గట్లని ఏమీ కాలేదని చెప్తలేను చెల్లె. మా అమ్మ సచ్చెదాక బుడ్డలు పైసలు వెట్టి కొనుక్కొనే తిన్నది. ఎవలన్న ప్రేమతోని పిడికెడు వెట్టినా ముట్టలే. నా పెండ్లిల గూడ ముట్టలే. గది మీ ఇల్లే చేసింది."

"మా అత్తమ్మ వాళ్ల అత్త చేసిందానికి నేను..." అని చేతులు జోడించబోయాను. ఆమె అడ్డుకుంది.

"ఆమె చేసిందానికి నువ్వెట్ల అడుగుతవు, నేనెట్ల ఇస్త? నువ్వు ఆడ లేవు. నేను ఉంటిగని కడుపుల ఉంటి." మళ్లీ నవ్వబోయి ఆపుకుంది. "ఒక్క మాట చెప్పు. గా కంప ఇప్పటికి గూడ కొడ్తున్నరంట గదా? మా చిన్నాయన కోడండ్లు చెప్తరు. గది ఎవరు కొడ్తున్నరు? సచ్చిపోయిన ముసలమ్మ లేసొచ్చి కొడ్తుందా?"

ఆ మాట నన్ను కొట్టినట్టు తగలలేదు. ఎన్నాళ్లుగానో మూసి ఉన్న తలుపు గొళ్లెం ఎక్కడుందో ఎవరో చూపించినట్టనిపించింది. బిడ్డ అడిగినప్పటి నుంచీ నేను వెతుకుతున్నది దీపం దగ్గర దొరకలేదు, ఉగ్గాని బాణలి దగ్గర దొరికింది. దేవుడు ఎక్కడ కూర్చుని మాట్లాడతాడో ముందుగా చెప్పడు.

నేను ఉగ్గాని తిని లేచి పోయేటప్పుడు ఆమె సంచి తిరిగి నా చేతిలో పెట్టింది. "నాకు ప్రభువు ఉన్నడు, నీకు నీ దేవుడు ఉన్నడు. గుమ్మడికాయతోని ఇద్దరికి పనిలేదు. మంచి కాయ, పారెయ్యకు. పులుసు వెట్టుకో." ఉగ్గానికి డబ్బులు తీసుకుంది. తీసుకున్నందుకు నాకు సంతోషమైంది.

ఇల్లు చేరి అంతా చెప్పాను. లారీ మాట దగ్గర బిడ్డ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో, ఏడుస్తోందో తెలియలేదు. "తీరిక ఏడుందన్నదా?" అని మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. నేను గుమ్మడికాయ తరగడం మొదలుపెట్టేసరికి అత్తమ్మ పరుగున వచ్చింది.

"దానం ఇయ్యాల్సిన కాయను కోస్తున్నవా? నీకు మతి ఉందా?"

"మనదే గద అత్తమ్మా. మనమే తిందాం."

ఆ పూట ఆమె పులుసు వేసుకోలేదు. మజ్జిగతో తిన్నది. అయితే గిన్నె వైపు చూస్తూనే ఉంది.

కంప తీసేద్దామన్నప్పుడు మా ఆయన నా ముఖం చూసి, గొడ్డలి అందుకున్నాడు. కారణం తెలియకుండానే చేసిన పనిని మానడానికి పెద్ద కారణం అక్కర్లేదేమో. అత్తమ్మే అడ్డం వచ్చింది.

"మళ్ల ఎవలన్న మన్ను వోస్తే?"

"పోస్తే దులుపుకుందాం అవ్వా" అంది బిడ్డ.

కంప తీసినా ఎవరూ రాలేదు. పక్క చేలో ఏరుకుంటున్న ఆడవాళ్లు మా బాట వైపు చూసి పోయారు. నేను పోయి పిలిచాను. "ఏందమ్మా, మేకలకు కడుపు నిండిందా?" అని ఒకామె అడిగింది. మిగతావాళ్లు నవ్వారు. నవ్వే హక్కు వాళ్లకుంది. నేను మా చేలోకి వచ్చి, కట్టెముక్క తీసుకుని గీరడం మొదలుపెట్టాను. తెలకపల్లిలో చిన్నప్పుడు చేసిన పని వేళ్లకు గుర్తుంది. మట్టి కింద కాయ తగిలినప్పుడు వచ్చే ఆ చిన్న ఆనందం కూడా అలాగే ఉంది. మరుసటి రోజు ఇద్దరు వచ్చారు. ఆ తరువాత చేనంతా చీరల రంగులు.

ఎవరు కబురు చెప్పారో గానీ, ఆదివారం ప్రార్థన అయ్యాక వనపర్తి ఆమె వచ్చింది. ఆటో దిగి ఎవరినీ పలకరించకుండా నేరుగా చేలోకి నడిచింది. ఎక్కడ కూర్చోవాలో ఎవరినీ అడగలేదు. ఒక మూలకు పోయి కూర్చుంది. అది ఆనాటి మూలేనో కాదో నాకు తెలియదు. గట్టు మీద గొడుగు కింద కూర్చున్న అత్తమ్మ మాత్రం ఆ వైపు చూసి పైట సర్దుకుంది.

పొద్దు వాలేదాకా ఏరుకుని, ఒడి ముడి వేసుకుని ఆమె గట్టు ఎక్కింది. అత్తమ్మ ముందుకు వచ్చి నిలబడింది. వనపర్తి ఆమె తన ఒడి ముందుకు చాపింది.

"చూస్తవా అవ్వా, ఏమున్నయో?"

అత్తమ్మ చేయి పైకి లేచి, గాలిలోనే ఆగిపోయింది. అప్పుడు నా పక్కన కూర్చున్న బిడ్డ మెల్లగా లేచింది.

"పెద్దమ్మా, నాకు నాలుగు పెడ్తవా?"

ఆమె బిడ్డ కడుపు వైపు చూసింది. ఈసారి బిడ్డ పైట కప్పుకోలేదు.

"చేను మీది, అడుక్కునేది నన్నా?" అంటూనే ముడి విప్పింది. పిడికెడు తీసి బిడ్డ కొంగులో పోసింది. "పచ్చివి ఎక్కువ తినకు, పైత్యం చేస్తది. ఉడకబెట్టుకో." ఒక కాయను తన చీరకు తుడిచి అత్తమ్మ చేతిలో పెట్టింది. "నీగ్గూడ."

"నాకు పండ్లేవి?" అంది అత్తమ్మ. ఆ పూట ఆమె అన్న మొదటి మాట అదే.

"అయితే వట్టుకో ఊకె."

అత్తమ్మ ఇల్లు చేరేదాకా ఆ పిడికిలి విప్పలేదు. పెరట్లో కాళ్లు కడుక్కునేటప్పుడు కూడా ఒక్క చేత్తోనే కడుక్కుంది.

ఇది రాస్తున్నప్పటికి కాన్పు కాలేదు. ఏమవుతుందో నాకు తెలియదు. మంచే జరిగితే కంప తీసినందుకని చెప్పను. మంచి కాకపోతే ఎవరి ఉసురో అనీ చెప్పను. మా ఇంట్లో ఆ లెక్క ఇక ఉండకూడదని రోజూ వేడుకుంటున్నాను. పుట్టబోయేది ఎవరి తప్పూ మోసుకొని రాదు. పెరిగాక, బాటకు ఎవరు ఏం అడ్డం పెట్టారో చూసి తీసే పని మాత్రం దానికీ ఉంటుంది. అందరికీ ఉంటుంది. ఆ పని చేయడానికి చేతులిచ్చినందుకు నేను దండం పెట్టుకుంటాను.

ఇంతలో లోపల్నుంచి నూలుబట్ట చినుగుతున్న చప్పుడు. బిడ్డ నా పాత చీరలు ముందేసుకుని, అంచు పళ్లతో కొరికి, నిలువునా చింపుతోంది. "సాపుగ చింపు, దారాలు లేస్తయి" అని అత్తమ్మ అంటోంది. ఆమె కొంగు చివర, ఆ కాయ కట్టుకున్న చిన్న ముడి ఇంకా అలాగే ఉంది.